తాతగారిని మట్టిచేసిన చోటు

(ష్వైన్‌ఫర్ట్‌లో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా తెలుగు సాయంకాలపు బడి తెలుగు. డర్బన్‌లో పగలంతా ఇంగ్లీషు బడిలో చదివి, పొద్దువాలిన తరువాత పలక పట్టుకొని వెళ్ళి నేర్చుకొన్న తెలుగు అది. తరువాత ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా ఉండి, సాయంకాలాలలో అదే తెలుగును పిల్లలకు చెప్పినాము. ఇప్పుడు కూతురింట మనుమల దగ్గర ఈ ఊళ్ళో కాలం గడుపుతున్నాము. మా మాట మీ చెవికి పాతగా వినిపించవచ్చు. మీకు అర్థమయితే మాకు అదే పదివేలు.

మేము అనగా ముగ్గురం తోబుట్టువులం. అక్క డర్బన్‌లోనే ఉన్నది. తమ్ముడు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఉన్నాడు. నడిమివారం మేము ఇక్కడ ఉన్నాము. ముగ్గురం కలిసి చేసిన పని గనుక ముగ్గురి తరఫున మాట్లాడుచున్నాము.

వంశచరిత్ర అంటే చాలామంది పుట్టినవారి లెక్క అనుకొంటారు. ఎవరికి ఎవరు పుట్టినారు, ఎవరు ఎవరిని పెండ్లాడినారు అని గీతలు గీస్తారు. పోయినవారిని ఏ మట్టిలో ఉంచినామన్నది ఆ గీతలలో కనపడదు. మనవంటి వలస కుటుంబాలకు అదే ముఖ్యమైన ప్రశ్న. స్వదేశంలో ఉన్నవారికి ఊరి శ్మశానం ఊరి పక్కనే ఉంటుంది. సముద్రం దాటినవారికి అది ఏ చెరకు తోటలోనో, ఏ రబ్బరు తోటలోనో, ఏ రైలు కట్ట పక్కనో ఉంటుంది. దానికి రాయి ఉండదు. రాయి ఉన్నా దానిపై అక్షరం ఉండదు.

ముందుగా ఆ దేశపు సంగతి క్లుప్తంగా చెప్పవలె. దక్షిణాఫ్రికాలోని నాటాలు రాజ్యానికి మనవారు ఒప్పంద కూలీలుగా వెళ్ళుట 1860లో మొదలయినది. ట్రూరో అనే ఓడ మద్రాసునుండి బయలుదేరి ఆ యేడు నవంబరు 16న డర్బన్ రేవు చేరినది. 1911లో ఈ పద్ధతి ఆగిపోయేవరకు 1,52,184 మంది ఆ విధంగా వెళ్ళినారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవునుండి ఎక్కినవారే. మన తెలుగువారు విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాలనుండి వెళ్ళినారు. అయిదేండ్లు ఒక తోటలో పనిచేయుట ఒప్పందం. 1895లో వచ్చిన చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన తరువాత అక్కడే ఉండదలచినవారు యేటికి మూడు పౌనుల పన్ను కట్టవలసి వచ్చినది. నెలకు కొద్ది షిల్లింగుల జీతం తీసికొనేవారికి అది మోయలేని బరువు. అందువలన చాలామంది మళ్ళీ ఒప్పందంలోకే పోయినారు. గాంధీగారి సత్యాగ్రహం ఫలితంగా 1914లో ఆ పన్ను రద్దయినది.

మా తాతగారు 1905లో వచ్చినారు. అప్పటికి వారికి ఇరవై యేండ్లు. ఉత్తర తీరంలోని ఒక చెరకు తోటలో చేరి, మళ్ళీ మళ్ళీ ఒప్పందం వ్రాసి, అక్కడే పెండ్లి చేసికొని, అక్కడే 1936లో కన్నుమూసినారు. అప్పటికి మా నాయనకు పదునాలుగేండ్లు. నాయన మాతో చెప్పినది రెండే మాటలు. "తోట శ్మశానంలో మట్టిచేసినాము. తలవైపు అవ్వ తిరగలి పైరాయి పెట్టినది." తండ్రి పోయిన యేడాదిలోపునే నాయన పట్నానికి వచ్చి బట్టలకొట్టులో పనికి కుదిరినారు. ఆ తోటవైపు మళ్ళీ పోలేదు. ఎందుకు పోలేదని మేమూ అడుగలేదు. ఆ తరంవారిని అటువంటి ప్రశ్నలు అడిగేవారం కాము.

నాయన ముసలితనంలో మాత్రం ఒక విషయం వారిని బాధించినది. పెద్దల అమావాస్యనాడు తర్పణం విడుచునపుడు మూడు తరాల పేర్లు చెప్పవలె గదా! తండ్రి, తాత, ముత్తాత. నాయనకు తండ్రి పేరు తెలుసు, తాత పేరు తెలియదు. పురోహితుడు ఆగి చూచేవాడు. నాయన తల వంచుకొనేవారు. అప్పుడు పురోహితుడే ఏదో దేవుని పేరు చేర్చి ముందుకు పోయేవాడు. వారు పోయేముందు అక్కతో, "నా తాత పేరు, నా తండ్రి చోటు, ఈ రెండూ తెలిస్తే చాలునమ్మా" అన్నారట. ఆ మాట పట్టుకొని మేము ముగ్గురం బయలుదేరినాము.

మీలో చాలామందికి ఈ పని ఉన్నది గనుక ఎట్లా వెదికినామో వరుసగా చెప్పుతాము.

మొదట ఇంట్లోని కాగితాలు. నాయన జనన పత్రం ఒక పాత బిస్కత్తు డబ్బాలో దొరికినది. నాటాలులో ఒప్పంద కూలీలకు పుట్టిన బిడ్డల పత్రాలలో తల్లిదండ్రుల నెంబర్లు కూడా వ్రాసేవారు. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నెంబరు ఇచ్చేవారు. పేరు ఎన్ని విధాల మారినా నెంబరు మారదు. మనకు తాళంచెవి ఆ నెంబరే.

రెండవది ఓడ జాబితా. అవి డర్బన్‌లోని ప్రభుత్వ పత్రాల భండారంలో ఉన్నాయి. నెంబరు పట్టుకొని పోతే ఒక పెద్ద పుస్తకంలో ఒక వరుస కనపడుతుంది. ఆ వరుసలో గడులు ఉంటాయి. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరంమీది గుర్తులు. ఇంటిపేరుకు గడి లేదు. అందుకే మన ఇంటిపేర్లు సముద్రంలో పోయినవి. ఒక తరంలో తండ్రి పేరు తరువాతి తరానికి ఇంటిపేరయినది. నాయుడు నైడూ అయినాడు, అప్పలస్వామి అపల్సామీ అయినాడు. దొరల గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా వ్రాసినాడు.

ఆ వరుసలో తండ్రి పేరు అనే గడి ఉన్నది గదా! నాయన జీవితమంతా తలవంచుకొన్న ఆ పేరు అక్కడ ఉన్నది. అక్క ఆ పేరు పైకి చదివినది. చదివి, మళ్ళీ చదివినది. ఆ పేరును మేము ఈ సభలో చెప్పము. అది మా ఇంటి తర్పణంలో చెప్పుకొనే పేరు. అయితే ఒక్క సంగతి చెప్పుతాము. మా తాతగారి ఫోటో ఒక్కటీ లేదు. వారు ఎట్లా ఉండేవారో చెప్పినది ఆ జాబితాలోని చివరి గడి ఒక్కటే. "కుడి కనుబొమపైన మచ్చ." మాకు ఉన్న తాతగారి చిత్రం అంతే.

ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా అని ఉన్నది. ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండవలె. ఉత్తర ఆర్కాటు అనగానే తమిళదేశం అని చాలామంది తెలుగు బిడ్డలు తాము తమిళులమేమో అనుకొన్నారు. ఆ జిల్లాలోని చంద్రగిరి, చిత్తూరు వంటి తాలూకాలను తీసి 1911లో చిత్తూరు జిల్లా చేసినారు. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలను 13నుండి 26 చేసినప్పుడు చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి వచ్చినది. అదే విధంగా విశాఖపట్నం జిల్లా అని కాగితంలో ఉన్న ఊరు ఇప్పుడు శ్రీకాకుళంలో ఉండవచ్చు. ఆ జిల్లా 1950లో ఏర్పడినది. 1979లో ఏర్పడిన విజయనగరంలోనూ ఉండవచ్చు. గంజాం 1936లో ఒరిస్సాకు పోయినది. ఊరు అక్కడే ఉంటుంది. దాని పైనున్న జిల్లా పేరే మారుతుంది. పాత కాగితం పక్కన పాత పటం పెట్టుకొని చదువవలె.

మూడవది మరణ పత్రం. తాతగారి కాలం నాటి మరణ నమోదు కాగితంలో, చనిపోయిన చోటుతోపాటు, ఎక్కడ పూడ్చదలచినారు అనే ప్రశ్న కూడా ఉన్నది. ఆ ప్రశ్నకు ఎదురుగా తోట శ్మశానం అని రెండు మాటలు ఉన్నాయి. కింద సంతకానికి బదులు వేలిముద్ర ఉన్నది. అది మా అవ్వది.

ఈ సందర్భంలో ఒక సంగతి. మన హిందువులలో కాల్చవలె గదా, పూడ్చుట ఏమిటి అని కొందరు అడుగుతారు. మన ఊళ్ళలోనే పూడ్చే కులాలు ఎన్నో ఉన్నాయి. తోటలలో కట్టెలకు, చోటుకు, సెలవుకు కరువు. పొద్దున పోయినవారిని సాయంత్రానికి మట్టిచేసి, మరునాడు పనికి పోవలసినదే. అందుకని వారి కర్మలో లోపం వెదకవద్దు. వారు చేయగలిగినది చేసినారు.

ఇదే తోటకు సంబంధించిన మరణాల నమోదులు తిరగవేయుచుండగా మా తమ్ముడు ఒక వరుస దగ్గర ఆగినాడు. 1918 అక్టోబరు. రెండేండ్ల ఆడపిల్ల. తండ్రి నెంబరు మా తాతగారిది, తల్లి నెంబరు మా అవ్వది. ఆ నెలలో విషజ్వరం దక్షిణాఫ్రికానంతా ఊడ్చివేసినది. కొన్ని వారాలలోనే వేలకు వేలు పోయినారు. మా నాయనకు ఒక అక్క ఉండేదన్నమాట. నాయనకు కూడా ఆ సంగతి తెలియదు. వారు పుట్టుటకు నాలుగేండ్ల ముందే ఆ పిల్ల పోయినది.

మా అవ్వ 1972వరకు బ్రతికి ఉన్నది. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకొనునపుడు విస్తరి పక్కన ఒక చిన్న గిన్నెలో పాలు, బెల్లం వేరుగా పెట్టేది. ఎవరికని అడిగితే "ఉండనీ" అనేది. మేము దానిని వాళ్ళ ఊరి ఆచారం అనుకొన్నాము. యాభై నాలుగేండ్లు ఆమె ఆ బిడ్డను ఒక్కతే మోసినది. ఇప్పుడు మా ఇంట ఆ గిన్నె మళ్ళీ పెట్టుచున్నాము. ఎవరికో తెలిసి పెట్టుచున్నాము.

నాలుగవది చోటు. కాగితం శ్మశానం అన్నది గాని, ఎక్కడో చెప్పలేదు. తోట చేతులు మారినది, పాత కూలీల ఇండ్ల వరుసలు కూల్చినారు. తోటలో పనిచేసిన సర్దారుల కుటుంబాలవారు చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారని విని, ఆదివారాలు పోయి అడిగినాము. ఎనభై దాటిన ఒక అవ్వ, "మామిడిచెట్లు మూడు ఉండేవి, ఇప్పుడు ఒకటే ఉన్నది, దాని వెనుక" అని చెప్పి తానే కర్ర పట్టుకొని వచ్చినది. చెరకు నరికిన తరువాత పోవుట మంచిదయినది. నిలువెత్తు చెరకు ఉంటే ఏమీ కనపడదు. కోత అయిన నేలపై ఒక మూలన దున్నని చెక్క కనపడినది. అక్కడ మట్టి గుట్టలు, రాళ్ళు, ఎప్పుడో ఎవరో నాటిన బంతి విత్తులనుండి మొలిచిన చెట్లు ఉన్నాయి. తిరగలి రాయి కూడా ఉన్నది.

అయితే తిరగలి రాళ్ళు రెండు ఉన్నాయి. రెండు గుట్టలకు తలవైపున ఒక్కొక్కటి.

అక్కడ మా ముగ్గురికి మాట కుదరలేదు. అక్క, "పెద్ద గుట్టే తాతది, రాయి వేయించుదాము" అన్నది. తమ్ముడు, "రెండవది ఎవరి తాతది? వారి మనుమలు వచ్చి అడిగితే ఏమి చెప్పుదుము?" అన్నాడు. మేము బడిపంతులం గదా, సాక్ష్యం లేనిది వ్రాయరాదని మా పట్టు. మూడు నెలలు మా మధ్య ఉత్తరాలు వేడిగానే నడిచినవి. అక్కకు డెబ్బది దాటినది. తన చేతులతో తాతకు ఒక రాయి నిలబెట్టి పోవలెనని ఆమె ఆశ. అది తప్పని ఎవరనగలరు?

ఈలోగా ఇంకొక సంగతి తెలిసినది. ఆ తీరంలో చెరకు భూములు ఒకటొకటిగా ఇండ్ల స్థలాలుగా మారుచున్నవి. మా తాతగారున్న మూల కూడా ఆ వరుసలో ఉన్నది. అప్పుడు మాకు చట్టం అక్కరకు వచ్చినది. దక్షిణాఫ్రికాలో 1999లో చేసిన జాతీయ వారసత్వ సంపదల చట్టం 36వ విభాగం ప్రకారం, పురపాలక శ్మశానాల వెలుపల ఉన్న, అరువది యేండ్లు దాటిన సమాధులను అనుమతి లేకుండా కదిలించరాదు. అనుమతి కోరేవారు ముందుగా ఆ సమాధులతో సంబంధం ఉన్న కుటుంబాలను వెదకి, వారితో మాట్లాడవలె. ఇది మంచి చట్టం. కాని మేమున్నామని చెప్పే కుటుంబం ఒకటి ఉండవలె గదా! పేరు లేని గుట్టలకు ఎవరూ రాకపోతే, అక్కడ ఎవరూ లేరనే లెక్క అవుతుంది.

అప్పుడు మా తగవు దానంతట అదే తీరినది. ఏ గుట్ట ఎవరిదన్నది వదలివేసినాము. ఆ మూల మొత్తం శ్మశానమని, అక్కడ మనుష్యులున్నారని నిరూపించుట ముఖ్యమని ముగ్గురం ఒప్పుకొన్నాము. మరణ నమోదులలో తోట శ్మశానం అని ఉన్నవారి పేర్లన్నీ వ్రాసినాము. తెలుగువారు, తమిళులు, హిందీవారు, ఒకరిద్దరు మహమ్మదీయులు ఉన్నారు. పటం గీసి, ఫోటోలు జతచేసి, వారసత్వ శాఖవారికి, భూమి యజమానికి అందజేసినాము. మామిడిచెట్టు కింద ఒకే రాయి నాటినాము. దానిమీద తాతగారి పేరు అక్షరక్రమంలో ఎక్కడ రావలెనో అక్కడ ఉన్నది. వారి కూతురి పేరు కూడా ఉన్నది. రాయిని ముందుగా తాకినది మా అక్క చేయి. ఆమె అనుకొన్న రాయి ఇది కాదు గాని, "ఇంతమందిలో తాత ఒంటరిగా లేడు" అన్నది.

సోదరులారా, మీలో అందరూ నాటాలువారు కారు. ఇతర దేశాలవారికి కూడా దారులున్నాయి. మారిషస్‌వారికి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వలసదారుల దస్తరాలున్నాయి. కొందరి ఫోటోలు కూడా దొరుకుతాయి. మన ఫోటో లేని తాతగారిని తలచుకొంటే మాకు వారిపై కొంచెం అసూయ. ఫిజీకి 1879నుండి 1916వరకు 60,965 మంది వెళ్ళినారు. మద్రాసు ఓడలు 1903లో మొదలయినవి. వారి వలస పత్రాలు సువాలో భద్రంగా ఉన్నాయి. బర్మావారి కథ కష్టమైనది. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడిన తరువాత, 1942లో అస్సాం వరకు కాలినడకన వచ్చినవారిలో దారిలో పడిపోయినవారికి గుట్ట కూడా లేదు. అటువంటి వారికి పేరు వ్రాసి ఉంచుటే సమాధి.

ఇక మనమున్న ఈ దేశం సంగతి. మనవారు ఇక్కడికి ఉద్యోగాలకే వచ్చినారని అనుకొంటాము. కాని మనకంటె ముందే ఈ మట్టిలో కలిసిన భారతీయులున్నారు. బెర్లినుకు దక్షిణాన వ్యూన్స్‌డోర్ఫ్ దగ్గర జేరెన్స్‌డోర్ఫ్‌లో మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బందీలుగా పోయిన 206 మంది భారతీయుల శ్మశానం ఉన్నది. మన బవేరియాలోనే టేగర్న్‌సే దగ్గర డ్యుర్న్‌బాఖ్‌లో రెండవ యుద్ధకాలపు శ్మశానం ఒకటి ఉన్నది. ఈ ప్రాంతాల ఆకాశంలో కూలిన విమానాలవారిని చెల్లాచెదురుగా ఉన్న గుంటలనుండి తెచ్చి అక్కడ చేర్చినారు. అక్కడే, బందీలుగా చనిపోయి, తమ ఆచారం ప్రకారం అగ్నికి అర్పింపబడిన 23 మంది అవిభక్త భారత సైనికుల పేర్లతో ఒక స్మారకం ఉన్నది. ఈ సమాధులను చూచే యుద్ధసమాధుల సంఘం 1917లో ఏర్పడినది. వారి పట్టికలు ఎవరయినా ఉచితంగా చూడవచ్చు. చాలామంది సైనికుల పేరు పక్కన తండ్రి పేరు, ఊరు ఉంటాయి. అవి శాశ్వతపు సమాధులు. ఎవరూ కదిలించరు.

మనవంటి మామూలు మనుష్యుల సంగతి అట్లా కాదు. ఈ దేశంలో సమాధి స్థలం సొంతం కాదు, అద్దె. శ్మశానాన్ని బట్టి ఇన్ని సంవత్సరాలని గడువు ఉంటుంది. గడువు తీరితే మళ్ళీ పైకం కట్టవలె. కట్టేవారు లేకపోతే రాయి తీసివేస్తారు, ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇది ఇక్కడి పద్ధతి. దహనం చేసినా, అస్థికలు ఇంట్లో ఉంచుకొనుటకు బవేరియాలో వీలులేదు. శ్మశానంలోనే ఉంచవలె. స్వదేశపు నదిలో కలుపదలచినవారు తగిన కాగితాలు చూపి పంపించుకొనవచ్చు.

మా అమ్మ చివరి మూడేండ్లు మనుమరాలి దగ్గర ఈ ఊళ్ళోనే గడిపినది. ఆమె అస్థికలు ఈ ఊరి శ్మశానంలోనే ఉన్నాయి. చూడండి, ముత్తాత చంద్రగిరి తాలూకాలో, తాత చెరకు తోటలో, నాయన డర్బన్‌లో, అమ్మ మెయిన్ నది ఒడ్డున ఉన్నారు. నాలుగు చోట్లు, మూడు ఖండాలు. అమ్మ చోటుకు కూడా గడువు ఉన్నది. ఆ గడువు తీరే నాటికి మేముంటామో లేదో! ఆ కాగితం అందవలసినది మా మనుమలకు. అందుకే వారికి తెలుగులోనూ, జర్మనులోనూ వ్రాసి ఇచ్చినాము. శ్మశానం పేరు, వరుస, సంఖ్య, గడువు తీరే సంవత్సరం. నాయన ఒక తిరగలి రాయి గుర్తుతో బ్రతికినారు. మా మనుమలకు అంతకంటె మంచి గుర్తు ఇచ్చిపోవలె.

మీరు కూడా ఈ సెలవులలో ఇంట్లో కూర్చొని కొన్ని పనులు చేయండి. పెద్దవారిని అడిగి, వారు ఏ మాటలతో చెప్పినారో ఆ మాటలతోనే వ్రాయండి. దిద్దవద్దు. నాయన తిరగలి రాయి అన్న మాటను "ఏదో ఒక రాయి" అని వ్రాసి ఉంటే మేము ఆ చోటు చేరేవారం కాము. నెంబరున్న ప్రతి పాత కాగితాన్ని ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. పేరును వినిపించే తీరులన్నిటిలో వెదకండి. పసిపిల్లలుగా పోయినవారిని లెక్కనుండి వదలవద్దు. జర్మనీలో పోయినవారి మరణ నమోదు ఊరి నమోదు కార్యాలయంలో ఉంటుంది, ముప్పది యేండ్లు దాటితే దస్తరాల భండారానికి పోతుంది. ఆ దారి మీ పిల్లలకు చెప్పండి. కులం గడిలో ఏమి ఉన్నా పిల్లలముందు దాచవద్దు, దానితో గొప్పలు పోవద్దు, సిగ్గుపడవద్దు. ఓడ ఎక్కినప్పుడు అందరిదీ ఒకే అన్నం, ఒకే నీళ్ళు.

ఈ ఊరి అంగడి వీధిలో కూర్చున్న ఒక పెద్దమనిషి విగ్రహం మీరు చూచే ఉంటారు. ఆయన ఫ్రీడ్రిఖ్ ర్యూకెర్ట్. 1788లో ఈ ఊళ్ళోనే పుట్టినాడు. మన భారతంలోని నలదమయంతుల కథను 1828లో జర్మను పద్యాలలో చెప్పిన పండితుడు. 1833, 34 సంవత్సరాల చలికాలంలో ఆయన బిడ్డలిద్దరు కొద్దిరోజుల తేడాతో పోయినారు. ఆ దుఃఖంలో నాలుగు వందలకు పైగా పద్యాలు వ్రాసి, అచ్చువేయక తన దగ్గరే ఉంచుకొన్నాడు. ఆయన పోయిన తరువాత 1872లో అవి వెలుగు చూచినవి. మా అవ్వకు అక్షరం రాదు. ఆమె ఒక గిన్నె పెట్టినది. పండితుడు చేసిన పని, కూలి తల్లి చేసిన పని మాకు ఒకటిగానే తోస్తున్నవి. పోయిన బిడ్డకు ఇంట్లో ఒక చోటు ఉంచినారు.

చివరగా పిల్లలకు ఒక మాట. మీ తాతలు, అవ్వలు ఈ సభలోనే మీ పక్కన కూర్చొని ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారో భోజనాల వేళ అడగండి. జవాబు తెలుగులో వస్తే తెలుగులో, క్రియోలులో వస్తే క్రియోలులో, జర్మనులో వస్తే జర్మనులో వ్రాసికొనండి. ఏ భాషలో వ్రాసినా ఫరవాలేదు. వ్రాయకుండా మాత్రం ఉండవద్దు.